గుమ్మంలో ఆకుదొన్నె

కంకిపాడు నుంచి గన్నవరం విమానాశ్రయానికి కారులో ముప్పావు గంట కూడా పట్టదు. ఆ కాస్త దూరంలోనే మా అక్కయ్య మూడుసార్లు కారు ఆపించింది. పిల్లి ఎదురొచ్చిందని ఒకసారి, డ్రైవరు తుమ్మాడని ఒకసారి. మూడోసారి కారణం కూడా చెప్పలేదు.

"ఇట్లా అయితే విమానం మనకోసం ఆగదక్కా" అన్నాను.

"ఆగకపోతే ఇంకా మంచిది. ఇంటికి పోదాం" అంది.

అక్కయ్య మొదటి నుంచీ ఇట్లాంటి మనిషి కాదు. కిందటేడు రొమ్ములో గడ్డ తీశారు. మందులెక్కించారు, జుట్టు పోయి మళ్ళీ వచ్చింది. డాక్టరు గారు "ఇక బాగుందమ్మా, మీ పనులు మీరు చేసుకోండి" అన్నారు. ఒళ్ళు కోలుకుంది గానీ భయం దిగలేదు. దీపం కొండెక్కినా, కాకి అరిచినా జబ్బు తిరగబెడుతుందనే అనుకుంటుంది. వచ్చే నెల మళ్ళీ పరీక్షలు చేయించుకోవాలి. వెళ్ళనని భీష్మించుకు కూర్చుంది. "తెలుసుకుని ఏం చేస్తానే" అంటుంది.

నాట్లు వదిలి రాలేని బావగారు నాకు ఫోన్ చేసి, "దాన్ని ఎక్కడికైనా తీసుకెళ్ళమ్మా, ఈ ఇంట్లో కూర్చుంటే మనిషి ఏమైపోతుందో" అన్నారు. నేను విజయవాడలో కాలేజీలో పాఠాలు చెప్పి ఈమధ్యే రిటైరయ్యాను. తోటి లెక్చరరు ఒకావిడ బాలి వెళ్ళొచ్చి ఫోటోలు చూపించింది. పచ్చగా ఉంది, ప్రశాంతంగా ఉంది, అక్కడికే పోదామనుకున్నాను. అంతకు మించి ఆలోచించలేదు.

సాయంత్రం బెంగుళూరు చేరి, అక్కడ ఇడ్లీ తిని, రాత్రి విమానం ఎక్కాం. పక్క సీట్లలో గుడివాడ కొత్త దంపతులు. మేం ఉబుద్‌లో పొలాల మధ్య రిసార్టుకి వెళ్తున్నామని చెబితే ఆ అబ్బాయి ఆశ్చర్యపోయాడు. "బాలి వచ్చి బీచ్‌కి కాకుండా పొలాల్లోకా ఆంటీ?"

"నాకూ అదే అర్థం కావట్లేదు నాయనా. మా ఇంటి వెనకే ఉన్నాయి పొలాలు" అంది అక్కయ్య.

పొద్దున పదిన్నరకి దిగాం. వీసా అక్కడే ఇస్తారు, వరసలో ఓపిగ్గా నిలబడాలి. బయట రిసార్టు వాళ్ళ కారు సిద్ధంగా ఉంది. కారుకి మూడున్నర లక్షలని తెలిసి అక్కయ్య గుండె పట్టుకుంది. అవి వాళ్ళ రుపియాలనీ, మన లెక్కలో రెండు వేలు కూడా కావనీ చెప్పాక గానీ కారెక్కలేదు. మీరు వెళ్తే పెద్దవాళ్ళకి ఈ సంగతి ముందే చెప్పి తీసుకెళ్ళండి.

గంటన్నర ప్రయాణం. ఎనిమిది గడ్డికప్పు కాటేజీలు, మధ్యలో ఈతకొలను, ఎదురుగా మెట్లు మెట్లుగా వరి. అక్కయ్య కొలను వంక చూడనైనా లేదు. గట్టు మీద నిలబడి, "కంకి పాలు పోసుకుంటోంది. నీళ్ళు బాగా కట్టారు" అంది. చాలా రోజుల తర్వాత ఆమె ఒకదాన్ని మెచ్చుకోవడం విన్నాను. భోజనంలో అన్నం, కూర, పక్కన సంబల్ అనే కారం పెట్టారు. ఆ కారం రెండోసారి అడిగి వేయించుకుంది. హమ్మయ్య, దారిలో పడింది అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే అక్కయ్య తలుపు తీసి బయటికి అడుగేసి కెవ్వున అరిచింది. పరిగెత్తి వెళ్ళాను. గుమ్మం ముందు కొబ్బరాకుతో అల్లిన అరచేయంత దొన్నె, అందులో ఎర్రపూలు, తెల్లపూలు, నాలుగు అన్నం మెతుకులు, వెలుగుతున్న అగరొత్తి. దాని మీద అక్కయ్య కాలు పడి దొన్నె నలిగిపోయింది.

చదివేవాళ్ళకి వివరం చెప్పక్కర్లేదు. మన వీధుల్లో ఆకులో పూలూ మెతుకులూ కనిపిస్తే ఏమనుకుంటాం? ఎవరో దిష్టి తీసి పారేశారు, దాటితే మనకి చుట్టుకుంటుంది అనుకుంటాం. అదే మన గుమ్మం ముందు కనిపిస్తే ఎవరో ఏదో చేశారని ఖాయం చేసుకుంటాం. అక్కయ్య కాళ్ళు కడుక్కుంది, మళ్ళీ కడుక్కుంది, తలుపేసుకుంది.

"తొక్కేశానే. అంతా అయిపోయింది. మళ్ళీ వచ్చేస్తుంది నాకు" అని మంచం మీద ముడుచుకుపోయింది.

ప్రతి ఇంటి ముందూ, ప్రతి కొట్టు ముందూ ఉన్నాయని చెప్పాను. వినలేదు. "అయితే ఊరంతా తొక్కుతున్నారన్నమాట" అంది. ఆరోజు అన్నం ముట్టలేదు, సాయంత్రం నాట్యం చూడ్డానికి రాలేదు. టిక్కెట్టు ముందుకి మార్పించమంది. నాకు జాలి వేసింది, ఒళ్ళు కూడా మండింది. ఇంత దూరం తీసుకొచ్చి ఉన్న భయానికి ఇంకోటి జోడించానా అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఆఫీసుకి వెళ్ళి మా గుమ్మం ముందు అది పెట్టొద్దని చెప్పాను. అక్కడ పనిచేసే వాయన్ అనే నడివయసు ఆవిడ అంతా విని, "అలాగే, పక్కగా పెడతాను. రేపు తొమ్మిదింటికి అవి అల్లడం నేర్పుతాం, మీరైనా రండి" అంది.

వెళ్ళాను. మా కాటేజీ ఎదుటి పాకలోనే చాప పరిచి లేత కొబ్బరాకులు ముందు వేశారు. వాయన్ ఇట్టే మడిచి, వెదురుపుల్ల గుచ్చి దొన్నె చేసేది. నాకు చేతకాలేదు. ఆకు చీలడం, నేను మళ్ళీ మొదలుపెట్టడం, ఇంకోటి చీలడం. చేత్తో కాలేజీ బోర్డు మీద రాయడమే గానీ, ఇలాంటి పనులు నాకెప్పుడూ రాలేదు. చిన్నప్పుడు కొబ్బరాకు బూరలు చేసి పెట్టింది కూడా అక్కయ్యే.

"ఈనె వైపు నుంచి కాదే, అట్లా లాగితే చీలక ఏం చేస్తుంది!"

తలెత్తి చూస్తే అక్కయ్య కిటికీలోంచి అరుస్తోంది. నేను కావాలనే ఇంకోటి చీల్చలేదని ప్రమాణం చేసి చెప్పగలను. నా చేతులకి ఆ అవసరం లేదు. అయిదు నిమిషాలు ఓర్చుకుని, ఇక ఆగలేక అక్కయ్య తలుపు తీసింది. గుమ్మం పక్కనున్న కొత్త దొన్నెకి వీలైనంత దూరంగా, గోడకి రాసుకుంటూ వచ్చి నా చేతిలో ఆకు లాక్కుంది.

మూడు దొన్నెలు చకచకా అల్లింది. అప్పుడు వాయన్ అడుగున పెట్టేవి తీసింది. చిన్న తమలపాకు ముక్క, వక్క పలుకు, చిటికెడు సున్నం. వాటిని పొట్లంగా చుట్టి దొన్నెలో పెట్టి, దాని మీద పూలు సర్దింది.

అక్కయ్య చెయ్యి ఆగిపోయింది.

"ఆకు, వక్క, సున్నం... ఇది తాంబూలం కదే! దిష్టికి తాంబూలం ఎవరు పెడతారు?" అంది. నా వైపు తిరిగి, "అడుగు. తొక్కినవాళ్ళకి ఏమవుతుందో అడుగు" అంది.

అడిగాను. వాయన్ నవ్వలేదు. "ఇంట్లో వాళ్ళు చల్లగా ఉన్నందుకు దేవుళ్ళకి రోజూ పెట్టుకుంటాం. అగరొత్తి వెలిగించి దణ్ణం పెట్టగానే చేరాల్సింది చేరిపోతుంది. మిగిలింది ఆకే. కుక్కలు తింటాయి, పిల్లలు తొక్కుతారు. ఏమీ కాదు" అంది. నేను తెలుగులో చెప్పాను.

"అంటే నేను తొక్కేసరికే చేరిపోయిందా?"

"చేరిపోయిందట అక్కా."

అక్కయ్య ఆ చాప మీదే కూర్చుని ఏడ్చింది. ఆపరేషనప్పుడు కూడా ఏడవని మనిషి. వాయన్ ఆమె వీపు నిమిరింది. నేనూ ఏడ్చాను. ఏడాదిగా మా గుండెల మీదున్న బరువు ఆ పాకలో దిగిపోయినట్టనిపించింది.

మిగతా మూడు రోజులూ రిసార్టు డబ్బులకి నూరుపాళ్ళు న్యాయం చేశాం. అక్కయ్య సరోంగ్ అనే వాళ్ళ లుంగీ కట్టుకుని నాట్యం క్లాసులో కళ్ళు తిప్పింది. వంట క్లాసులో పసుపు తక్కువైందని వంటావిడతో సైగలతోనే వాదన పెట్టుకుంది. పొద్దున్నే లేచి వాయన్‌తో పాటు అన్ని కాటేజీల ముందూ దొన్నెలు పెట్టి వచ్చేది. వెళ్ళదలచినవాళ్ళకి నా సలహా ఒకటే. ఊళ్ళు తిరగడం కాస్త తగ్గించుకుని, ఆ చాప మీద ఒక పూట కూర్చోండి.

తిరుగు ప్రయాణంలో బెంగుళూరు నుంచి బెజవాడకి రైలెక్కాం. పెరుగన్నం పొట్లాలు విప్పాక అక్కయ్య మామూలుగా, "పరీక్షకి డాక్టరు గారి దగ్గర టైము తీసుకో. పొద్దున పూటైతే బాగుంటుంది, ఎండ ఉండదు" అంది. నేను అలాగేనని, ఎడం చేత్తోనే ఫోన్ తీసి డాక్టరు గారి నంబరు వెతికాను.

తెల్లవారాక కంకిపాడు చేరాం. బావగారు పొలానికి వెళ్ళిపోయారు. నేను కాఫీ పెట్టేలోపు అక్కయ్య పెరట్లో కొబ్బరాకు కోసింది. నేను కప్పులతో వరండాలోకి వచ్చేసరికి ఎదురింటి మేరీ గారు పాలగిన్నెతో మా గేటు అవతలే ఆగిపోయి ఉన్నారు.

"మేం ప్రార్థన చేసుకునేవాళ్ళం, ఇవన్నీ నమ్మం గానీ" అన్నారావిడ గొంతు తగ్గించి, "చూసి అడుగెయ్యండమ్మా. మీ గుమ్మంలో ఎవరో ఏదో పెట్టారు."

అక్కయ్య చేతికంటిన సున్నం చీర కొంగుకి తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"నేనేనండీ పెట్టింది. ఫరవాలేదు, లోపలికి రండి" అంది.