విశ్రాంతి గదిలో కవరు

మా ఆయనకు రూలుకర్ర అని పేరు పెట్టింది మా తమ్ముడు. తరవాత ఆయన పనిచేసే పాస్‌పోర్టు ఆఫీసులోనూ ఆ పేరే పాకింది. పాస్‌పోర్టుకని వచ్చిన సొంత తండ్రిని కూడా లైన్లో నిలబెట్టి, నంబరు పిలిచేదాకా ఎరగనట్టు కూర్చున్న మనిషి ఆయన. మామగారు ఆ తరవాత చాలాకాలం కొడుకుతో మాట్లాడలేదు. అలాంటి మనిషి మీద నాకు అనుమానం వచ్చిందంటే ఊరికే రాలేదు.

జబ్బు ఊరంతా పాకిన రోజులవి. ఆఫీసులో సగంమంది మంచాన పడ్డారు. మిగిలినవాళ్ళను రెండు జట్లు చేశారు. ఒక జట్టు వస్తే రెండోది ఇంట్లో ఉండాలి. దరఖాస్తు కవర్లను కూడా వెంటనే ముట్టుకోకూడదట. తేదీ చీటీ అంటించి, వెనక గదిలో అరల మీద వారం పాటు ఉంచి, ఆ తరవాతే విప్పాలట. దానికి విశ్రాంతి గది అని పేరు. మనుషులకు దొరకని విశ్రాంతి కాగితాలకు దొరికింది. ఆ గది తాళం మా ఆయన దగ్గరే ఉండేది.

మా తమ్ముడు నర్సు. పరదేశంలో ఒక పెద్దాసుపత్రి వాడికి ఉద్యోగం ఇచ్చింది. అక్కడా ఇదే జబ్బు, ఇంకా ఎక్కువ. అందుకే పిలిచారు. నెలాఖరులోగా చేరకపోతే ఇంకొకరిని తీసుకుంటామన్నారు. వాడి బతుకులో చేతికందిన మొదటి మంచి అవకాశం అది. పాస్‌పోర్టు ఒక్కటే అడ్డం. వాడి దరఖాస్తు కవరు మా ఆయన ఆఫీసులోనే ఉంది.

రోజూ అడిగేదాన్ని. ఆయన గుమ్మం బయటే చొక్కా విప్పి సబ్బునీళ్ళ బకెట్లో పడేసి, స్నానం చేసి వచ్చి, సిబ్బంది లేరు అనేవారు. మర్నాడు అడిగితే, అది అవతలి జట్టు చూడాలి అనేవారు. దేవుణ్ణయినా ఎవరైనా చూశారేమో గానీ ఆ అవతలి జట్టును చూసినవాళ్ళు లేరు.

“నా కళ్ళలోకి చూసి చెప్పండి,” అన్నానో రోజు. ఆయన నా చెవికి వేలాడుతున్న మాస్కు తాడు వైపు చూశారు.

అప్పటినుంచి అనుమానప్పురుగు తొలవడం మొదలుపెట్టింది. అన్నం తినగానే ఫోను పట్టుకుని డాబా ఎక్కేవారు. గొంతు తగ్గించి మాట్లాడేవారు. నేను కనబడితే చాలు, ఉక్కపోతగా ఉందండీ అని ఫోను పెట్టేసేవారు. ఎవరంటే ఆఫీసు అనేవారు. మనుషులే లేరన్న ఆఫీసులోంచి ఫోన్ చేసేదెవరు? లంచమా? ఆ మొహానికి లంచం ఇవ్వాలంటే ఎవరికైనా భయమేస్తుంది. ఆడమనిషా? నాకే నవ్వొచ్చింది. కానీ నవ్వాక నిద్ర పట్టలేదు. చివరికి ఇది పగే అని తేల్చుకున్నాను. రూలుకర్ర అన్నందుకు బావమరిది మీద కడుపులో పెట్టుకున్న పగ.

మందుల షాపు దగ్గర అవతలి జట్టులోని కౌంటరామె కనబడింది.

“మీ తమ్ముడి కవరుకి ఇంకెన్నిసార్లు విశ్రాంతి ఇస్తారండీ? మా అందరికంటే అదే హాయిగా పడుకుంది,” అంది.

వారం తిరగగానే ఎవరో పాత చీటీ పీకి కొత్త తేదీ అంటిస్తున్నారట. ఇవాళే వచ్చినదానిలా అది మళ్ళీ అరెక్కి కూర్చుంటోందట. తాళం ఎవరిదని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఒళ్ళు మండిపోయింది. ఆ సాయంత్రం చెప్పులు విప్పి చప్పుడు కాకుండా ఆయన వెనకే డాబా ఎక్కాను. ఆయన నీళ్ళ ట్యాంకు పక్కన అటు తిరిగి నిలబడి ఉన్నారు.

“అలాగే అత్తయ్యా, ఈ వారం కూడా ఆ గది దాటనివ్వను. మీరు ఏడవకండి,” అంటున్నారు.

అత్తయ్య అంటే మా అమ్మ. పొద్దున్నే నాకు ఫోన్ చేసి, ఆ ఆఫీసు పాడుగాను, పిల్లాడి నోట్లో మట్టి కొడుతున్నారని తిట్టిపోసిన మా అమ్మే.

నోటికొచ్చిందల్లా అన్నాను. వాడి బతుకు మీద మీ ఇద్దరికీ ఏం హక్కుందని అడిగాను. ఆయన అన్నీ విన్నారు.

“అక్కడ నర్సులు కూడా పోతున్నారు. మీ అమ్మ వద్దని ఏడ్చింది, నాకూ భయమేసింది. రూలు తప్పాను. వాడు బతికుంటే చాలనుకున్నాను,” అన్నారు.

కన్నతండ్రి కోసం కూడా తప్పని రూలు వీడికోసం తప్పారు. జాలేసింది. కోపం మాత్రం తగ్గలేదు.

నెలాఖరుకు కాస్త ముందు, పోస్టులో రావలసిన పాస్‌పోర్టును ఆయనే తెచ్చి వంటగట్టు మీద పెట్టారు. నువ్వే ఇవ్వు, నావల్ల కాదు అని స్నానానికి వెళ్ళిపోయారు. విప్పి చూశాను. ఫొటోలో వాడికి ఇంకా నేను చిన్నప్పుడు దువ్విన పాపిడే ఉంది. ఇన్నాళ్ళు పోట్లాడి సాధించుకున్నదాన్ని పిండి డబ్బాలో కుక్కి మూత పెట్టేశాను.

అంతలోనే వాడు గుమ్మంలోకి వచ్చాడు.

“వచ్చిందా అక్కా?”

“ఇంకా లేదురా. సిబ్బంది లేరట.”

స్నానాలగదిలో నీళ్ళ చప్పుడు ఆగిపోయింది.

“నా కళ్ళలోకి చూసి చెప్పు,” అన్నాడు వాడు.

చూడలేకపోయాను. డబ్బా మూత తీసి, పిండిలోంచి బయటికి లాగి చేతిలో పెట్టాను. వాడు దాన్ని చొక్కాకు తుడిచి, నావైపు చూశాడు.

“ఇన్నాళ్ళూ బావేమో అనుకున్నాను. నువ్వా?”

ఆయన తడి తలతో బయటికొచ్చి ఏదో చెప్పబోయారు. అమ్మ ఏడుపు గుర్తొచ్చింది.

“నేనేరా,” అన్నాను.

వాడు పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని మెట్లు దిగాడు. వెళ్ళొస్తానని చెప్పలేదు.