బావ ఫొటోలో సైరన్

దెయ్యాలను నమ్మనని చెబితే అందరూ చెప్పే మాటే అనుకుంటారు. నా కారణం వేరు. గోదావరిఖనిలో మా నాన్నది స్టీలు సామాన్ల కొట్టు. పక్క కొట్టు మల్లక్కది. నిమ్మకాయలు, ఎండుమిరపకాయలు, నల్లతాళ్ళు అమ్మేది. అమావాస్య దగ్గరపడగానే ఆమె ధరలు పెంచేది. ఎవరికైనా గాలి సోకిందని తెలిస్తే ఇంకాస్త పెంచేది. భయానికి గిరాకీ ఎలా ఉంటుందో అంత దగ్గర నుంచి చూసినవాళ్ళకు భయం వెయ్యదు. బేరమాడాలనిపిస్తుంది.

నేను విమానంలో క్యాబిన్ సిబ్బందిని. ఊళ్ళు తిరిగే ఉద్యోగం కదా అని అందరూ అసూయపడతారు కానీ, నేను చూసే ఊళ్ళు ఎక్కువగా విమానాశ్రయం నుంచి హోటల్ దాకానే ఉంటాయి. మిగిలిన కాస్త సమయంలో బజారుకు పోయి బేరమాడతాను. కొచ్చిలో ఒకసారి గంట సేపు వాదించి సగం ధరకు కొన్న గొడుగు మొదటి వానకే తిరగబడింది. గెలిచానన్న తృప్తి మాత్రం ఇప్పటికీ ఉంది.

బేరం కాకపోతే ఫొటోలు. మేఘాలు, సూర్యాస్తమయాలు మాలో అందరూ తీస్తారు. నేను మనుషులను తీస్తాను, డ్యూటీ ఎక్కబోయే క్షణంలో. అద్దం ముందు లిప్‌స్టిక్ సరిచేసుకునే తోటి అమ్మాయి, టోపీ సర్దుకునే హోటల్ వంటవాడు, చేతి తొడుగులు బిగించుకునే సామాన్ల లోడర్. యూనిఫాం వేసుకున్నాక, పని మొదలుకాక ముందు, మనిషి ముఖం ఇంటిదీ కాదు, పనిదీ కాదు. అది నాకు ఇష్టం.

ఆ వరుసలో మా బావ ఫొటో ఒకటి ఉండాలని ఎన్నాళ్ళుగానో అనుకునేదాన్ని. బావ అంటే మా అక్క భర్త రాజేశం. భూగర్భ గనిలో పని. గనిని మా దగ్గర బాయి అంటారు. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు, బోల్టులు పెట్టి ఆపే గుంపులో పాత మనిషి.

అయితే బావ వాళ్ళ క్వార్టర్ల వరుసలో ఒక పట్టింపు ఉంది. డ్యూటీ బట్టల్లో, హెల్మెట్ పెట్టుకుని ఉన్న మనిషిని ఇంటివాళ్ళు ఫొటో తియ్యరు. ఎందుకో తెలియాలంటే చౌరస్తాకు పోయి చూస్తే చాలు. హెల్మెట్‌తో ఉన్న ముఖం పెద్దగా కనిపించేది అక్కడ కట్టే కన్నీటి నివాళి ఫ్లెక్సీల మీదే.

వారానికి ఒకసారి గని పనివాళ్ళకు వచ్చే సెలవును మా దగ్గర ప్లేడే అంటారు. ఆ రోజు నేను ఇంటి దగ్గరే ఉన్నాను. పొద్దున్నుంచీ ఫొటో కోసం బావ వెంటపడ్డాను.

"నువ్వు రేపు మొగులు మీద ఎగురుతవ్. నాకు బాయిల ఫికర్ వెట్టి పోతవా మరదలా?" అన్నాడు.

"ఒక్కటే బావా. ఎవ్వలకు చూపియ్య."

"చూపియ్యనిది తీసుడెందుకు?"

కొట్టువాడి బిడ్డను కదా, అడగడం మానలేదు. మొత్తం మీద భోజనాల వేళకు ఒక షరతు మీద దిగొచ్చాడు.

"నేను మళ్ళ బాయిల దిగకముందు అది డిలీట్ చెయ్యాలె. చెయ్యకపోతే నేను దిగ. మాటేనా?"

"మాటే."

హెల్మెట్, బూట్లు, నడుముకు బెల్టు. లాంపు గని దగ్గరే ఇస్తారు కాబట్టి అది లేదు. క్వార్టర్ ముందు జామచెట్టు, దండెం మీద బట్టలు. అక్క గుమ్మంలో నిలబడి మొహం అటు తిప్పుకుంది. నా ఫోన్‌లో లైవ్ ఫొటో అని ఒక సదుపాయం ఉంది. నొక్కిన క్షణానికి ముందూ వెనకా కాస్త కదలికను, శబ్దంతో సహా దాచుకుంటుంది. తీసిన వెంటనే ముగ్గురం చూశాం. "జల్ది కానియ్యి, ఉడుకవోస్తుంది" అని బావ గొంతు, అక్క గాజుల చప్పుడు. అంతకుమించి ఏమీ లేదు. ఇది నేను ఒట్టేసి చెప్పగలను.

మర్నాడు మా విమానం విశాఖపట్నంలో దిగింది. అక్కణ్ణుంచి ఢిల్లీ పోవాలి. పాత ప్రయాణికులు దిగిపోయారు, కొత్తవాళ్ళ బస్సు ఇంకా రాలేదు. వెనక గ్యాలీలో, టీ సామాన్లు ఉండే చోట నిలబడి, ఫొటో డిలీట్ చేద్దామని ఫోన్ తీశాను. బావ ఆ రోజు రెండో షిఫ్టు. ఇచ్చిన మాట ప్రకారం అప్పటికి అది పోవాలి.

చివరిసారి చూద్దామని నొక్కాను. బావ గొంతు వచ్చింది. గాజులు వచ్చాయి. వాటి కింద నుంచి సైరన్ వచ్చింది.

మా ఊళ్ళో పెరిగినవాళ్ళకు సైరన్ కొత్త కాదు. నా చిన్నప్పుడు షిఫ్టు మారినప్పుడల్లా మోగేది. దాన్ని బట్టే అమ్మ బియ్యం కడిగేది. షిఫ్టు వేళ కాని వేళ మోగితే మాత్రం నాన్న షట్టర్ సగం దించేవాడు. కొట్టు ముందు నిలబడ్డ ఆడవాళ్ళు కొన్న గిన్నెలు అక్కడే వదిలి గని వైపు ఉరికేవాళ్ళు. ఆ మోత ఎలా ఉంటుందో నేను మర్చిపోలేదు. కింద నుంచి లేచి, పైకి పోయి, ఆగేముందు దగ్గినట్టు విరిగేది.

ఫోన్‌లోంచి వచ్చింది అదే.

నా పక్కన కప్పులు సర్దుతున్న మెర్సీ తలెత్తింది. గుంటూరు పిల్ల, నాతో పనిచేస్తుంది. "ఏంటక్కా అది, సైరనా? ఎవరో ఏడుస్తున్నట్టుందేంటి" అంది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ మోగింది. మెర్సీ కప్పులు కింద పెట్టేసింది.

బావ ఇల్లు కదిలే వేళ అయింది. ఫోన్ చేశాను. ఈ రోజు డ్యూటీకి పోవద్దన్నాను. ఎందుకన్నాడు. సైరన్ మాట నోటిదాకా వచ్చింది కానీ ఆ ఇంట్లో డ్యూటీకి పోయే మనిషితో ఆ మాట అనరు. పైగా వెనక అక్క సద్ది కడుతున్న చప్పుడు వినిపిస్తోంది. నాకు జ్వరమన్నాను, నవ్వాడు. పోయిన మస్టర్, అంటే ఆ రోజు హాజరు డబ్బులు, నేనిస్తానన్నాను.

"గొడుగు కాడ గంట సేపు కొట్లాడినదానివి, నువ్విస్తవా?" అన్నాడు.

కిటికీలోంచి చూస్తే ప్రయాణికుల బస్సు వచ్చి ఆగింది. నా దగ్గర ఇంక ఒకటే మిగిలింది.

"బావా, ఫొటో ఇంక డిలీట్ చెయ్యలే."

అటువైపు నవ్వు ఆగింది. "చెయ్యరాదు మరి. ఒక్క ఒత్తుడేనాయె."

"చెయ్య."

"మాటిచ్చినవ్ గదనే."

"నువ్వు గూడ ఇచ్చినవ్. అది ఉంటే దిగ అన్నవ్."

"గిదేం బేరం పిల్లా" అన్నాడు. ఆ గొంతులో పరాచకం లేదు. నేను జవాబు చెప్పేలోపే మెట్ల మీద మొదటి ప్రయాణికుడు కనిపించాడు. ఫోన్ పెట్టేశాను. తలుపులు మూశారు. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పడింది.

ఢిల్లీ దాకా ఎలా పోయానో చెప్పడం కష్టం. బెల్టులు చూశాను, నవ్వాను, టీ పోశాను. కాల్ బటన్ టింగుమన్నప్పుడల్లా జేబులో ఫోన్ తడుముకున్నాను. ఒక పెద్దాయన కప్పులో పోస్తూ పోస్తూ ట్రే నిండా పోశాను. మెర్సీ వచ్చి కెటిల్ లాక్కుని నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టింది.

అక్కడ కూర్చుని అసలు లెక్కలో పడ్డాను. బావ ఇంట్లోనే ఉండిపోయి ఉంటే సరే. నా మాట పక్కన పెట్టి గనిలో దిగి ఉంటే? అప్పుడు ఆ ఫొటో నా ఫోన్‌లో ఉండటం వాళ్ళ పట్టింపు ప్రకారం తప్పు. ఇప్పుడు తీసేస్తే మంచిదా? తీసేస్తే, నేను విన్నది విన్నానని చెప్పడానికి ఏం మిగులుతుంది? నల్లతాళ్ళను చూసి నవ్విన మనిషిని, ఆకాశంలో కూర్చుని, బొటనవేలు డిలీట్ గుర్తు మీద పెట్టి, ఎటు ఒత్తితే బావకు మేలో తేల్చుకోలేకపోయాను. మళ్ళీ ప్లే చేసే ధైర్యం కూడా లేదు.

ఢిల్లీలో దిగి ఫోన్ ఆన్ చెయ్యగానే అక్క నుంచి వరసగా మిస్డ్ కాల్స్. చేశాను. ఎత్తగానే ఏడుపు.

"పైకప్పు కూలిందే," అంది అక్క. "మీ బావోళ్ళ జాగల్నే."

"బావ?"

"ఈడనే ఉన్నడు. నీ మీద అలిగి ముసుగుదన్ని పండిండు."

మళ్ళీ చెప్పమన్నాను.

తర్వాత తెలిసింది ఇది. పాత మనిషి రాలేదని ఆ పని ఆ రోజుకు ఆపి, మిగతావాళ్ళను వాళ్ళ గుంపును చూసుకునే సర్దార్ వేరే చోటికి పంపాడు. షిఫ్టు మొదలైన కాసేపటికే ఆ ఖాళీ జాగా కూలింది. ఒక్కరికి కూడా దెబ్బ తగల్లేదు.

ఆ కబురు విన్నాక, మెర్సీని పక్కన పెట్టుకుని ఫొటో నొక్కాను. బావ గొంతు. గాజులు. సైరన్ లేదు. శబ్దం పూర్తిగా పెంచి నొక్కాం, చెవి దగ్గర పెట్టుకుని నొక్కాం. "మనిద్దరం విన్నాం కదక్కా" అని మెర్సీ మళ్ళీ మళ్ళీ అంటూనే ఉంది.

మర్నాడు డ్యూటీకి పోయేముందు బావే ఫోన్ చేశాడు. "డిలీట్?" అని మాత్రం అడిగాడు. అతను లైన్లో ఉండగానే నొక్కేశాను. కాబట్టి చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు.

తర్వాత ఊరికి పోయినప్పుడు, బావ తింటుండగా, సైరన్ సంగతి మొదటిసారి చెప్పాను. ఎట్ల మోగిందో చెప్పమన్నాడు. నోటితో అనుకరించాను, చివర్లో దగ్గుతో సహా. బావ కలుపుతున్న చెయ్యి ఆపాడు.

"గది మా బాయిది గాదు," అన్నాడు. "పాత బాయిది. బాయి మూసినంక తుక్కు కింద అమ్మిన్రు. గిప్పుడు మాకున్నది సన్నగ అరుస్తది. గా దినం అది గూడ మోగలే. అందరికి ఫోన్లల్లనే ఎరుకైంది."

దీన్ని కొట్టివెయ్యడానికి నేను చెయ్యని ప్రయత్నం లేదు. ఫోన్‌లో లోపమా అని అడిగించాను. అలాంటి లోపం ఉండదన్నారు. నా భయం మెర్సీకి అంటుకుందా అంటే, ముందు సైరన్ అన్నది ఆమె, నేను కాదు. ఆమె మా ఊరు చూడనే లేదు.

బావ ఇప్పటికీ ఆ రోజు పోయిన మస్టర్ నా ఖాతాలోనే ఉందని ఎగతాళి చేస్తాడు. నేనూ నవ్వుతాను. ఆ తర్వాత డ్యూటీ ఎక్కబోయే మనిషి ఫొటో మాత్రం తియ్యలేదు.

అది ఎవరు వినిపించారో, ఎందుకు నా ఫోన్‌లోనే వినిపించారో ఇప్పటికీ నాకు తెలియదు. కొట్లో పెరిగినదాన్ని కాబట్టి ఒక్క సంగతి నన్ను వదలడం లేదు. ధర చెప్పకుండా సరుకు చేతిలో పెట్టి పంపిన వాళ్ళను నేను ఎప్పుడూ చూడలేదు. ఆ సైరన్ ధర ఇంకా ఎవరూ అడగలేదు. విమానం తలుపులు మూసి ఫోన్ ఆపేసేముందు ప్రతిసారీ ఒకసారి చెవి దగ్గర పెట్టుకుంటాను. ఏమీ వినిపించదు. అప్పుడు ఆపేస్తాను.