పిడి లేని తలుపు

మా లోయలో బండి బాగుచెయ్యడమంటే దాన్ని కిందికి దించడమే. ఇంజను పలికినా పలకకపోయినా ముందు బండి పొట్టని నేలకి నాలుగు వేళ్ళ ఎత్తుకి తెస్తారు, తర్వాతే మిగతా సంగతులు. ఎందుకని మా ఆయన ఫిలడెల్ఫియోని పెళ్ళయిన దగ్గర్నుంచీ అడుగుతూనే ఉన్నాను. వేగంగా పోవాలనుకునేవాళ్ళు ఇంకెక్కడైనా పుడతారు. ఎస్పన్యోలా ఊరి చుట్టుపక్కల పుట్టినవాళ్ళం మాత్రం నలుగురూ చూసేలా నెమ్మదిగా పోతాం.

ఎర్లిండా మా ఆయనకి పెదనాన్న కూతురు, నాకు వదిన. బడి వంటశాలలో బీన్సు ఉడకబెట్టి, మిరపకాయల పులుసు కాచి ఊళ్ళో సగం మందిని పెంచింది. మొగుడు పని వెతుక్కుంటానని డెన్వర్ వెళ్ళి అక్కడ ఇంకో కాపురం వెతుక్కున్నాడు. ఆవిడ ఏడవలేదు, వెనక పడలేదు, అతని చెప్పులు తీసి కుక్కకి వేసింది. పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. ఆ మొండితనం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియాలంటే వాళ్ళ నాన్న బెలార్మినో మావయ్యని ఒక్క పూట భరిస్తే చాలు.

మావయ్యకి ఒక పాత షెవ్రొలె పికప్ ఉండేది, యాభై నాలుగో సంవత్సరానిది. కొండ మీంచి కట్టెలు, తోటలోంచి ఆపిల్ పళ్ళు, కాలువ పూడిక తీసేవాళ్ళ పారలు, అన్నీ అందులోనే. ఏటా మే నెల పదిహేనున సాన్ ఇసిద్రో స్వామిని పొలాల మీదుగా ఊరేగించేది కూడా అందులోనే. రైతుల స్వామి కదా, చెక్క ఎడ్లతో, చెక్క నాగలితో బండి వెనక నిలబడి కాలువనీ, మొలకల్నీ చూసుకుంటూ వెళ్ళేవాడు. ఒక ఏడు ఇంజను పగిలింది. అప్పటి నుంచి స్వామి మా ఊరి ప్రొకోపియో గారి కొత్త తెల్ల బండిలో తిరుగుతున్నాడు. షెవ్రొలె ఆప్రికాట్ చెట్ల వెనక నిలబడిపోయింది. కోళ్ళు అందులో కాపురం పెట్టాయి.

మావయ్య కళ్ళకి మబ్బు కమ్మడం మొదలైన సంవత్సరం శరదృతువులో వదిన ఆయన్ని శాంటా ఫేలో డాక్టరుకి చూపించింది. లోపల నరం ఎండిపోతోందనీ, వచ్చే ఎండాకాలం దాకా చూపు ఆగితే అదృష్టమనీ చెప్పారట. తిరిగొచ్చేటప్పుడు ఇంటి మలుపు దగ్గర మావయ్య ఒక మాటన్నాడట.

"స్వామిని నా బండిలో ఇంకొక్కసారి చూస్తే చాలే అమ్మా. ఆ తర్వాత కళ్ళు పోతే పోనీ."

మావయ్యని గుమ్మం దగ్గర దింపి వదిన లోపలికి రాలేదు. నేరుగా గుడికి వెళ్ళి స్వామి ముందు మొక్కుకుంది. వచ్చే మే నెల పండక్కి నిన్ను మా నాన్న బండిలో ఊరేగిస్తాను, అది మా నాన్న కళ్ళతో చూస్తాడు అని. తెల్లారి కోళ్ళన్నిటినీ బండిలోంచి తరిమేసింది.

ఊళ్ళో నవ్వని మనిషి లేడు. ఆడవాళ్ళు సీట్లు కుట్టాలి గానీ ఇంజను విప్పడమేమిటని కొందరు, గరిటె పట్టిన చేత్తో వెల్డింగా అని కొందరు. మా ఆయన కూడా మొదట మీసం చాటున నవ్వాడు. నేనూ నవ్వాను, ఎందుకబద్ధం. ఆవిడ వాళ్ళనెవర్నీ పట్టించుకోలేదు. పాత బళ్ళ గుట్టలో వెతికి అలాంటిదే ఇంకో ఇంజను పట్టుకొచ్చింది. తుప్పు తిన్న అడుగు రేకు తనే కోసి, తనే అతికింది. మొదటి అతుకులు కోడి పెంటలా ఉన్నాయని మా ఆయన అంటే, అవి కోసేసి మళ్ళీ అతికింది. మూడోసారికి ఆయన నోరు మూసుకుని పక్కన పనిలోకి దిగాడు. రేకు పనిలో మా ఆయనకి లోయంతా పేరు. అక్క కదా, ఆ పేరంతా ఈ బండి మీద ధారపోస్తానన్నాడు.

అక్కడే అసలు గొడవ మొదలైంది, అప్పుడది గొడవని ఎవరికీ తెలియకపోయినా. బండిని కిందికి దించారు. పాత గతుకుల సీటు తీసేసి మెత్తటిది పెట్టారు, దాన్ని కుట్టింది నేనే. ఆ తర్వాత మా ఆయన తలుపు పిడులు తీసేస్తానన్నాడు. మా దగ్గర అందం పోటీలకి పెట్టే బళ్ళకి తలుపు పిడులుండవు. ఆ కంత పూడ్చి, అతికి, గీకి, తలుపుని గుడ్డు పెంకులా నున్నగా చేస్తారు. అద్దం కింద ఎక్కడో కనబడని మీట ఉంటుంది, నొక్కితే తలుపు దానంతటది తెరుచుకుంటుంది. అలా పూడ్చిన చోట వేలు పెట్టి రాసినా జాడ తెలియకూడదు, అదీ పనితనం. మా ఆయన పూడ్చింది చూడ్డానికి ఇలాంటి బళ్ళవాళ్ళ క్లబ్బు నుంచి కొందరు పట్నం నుంచి వచ్చి వెళ్ళారు. వదిన కూడా మురిసిపోయింది. తీసిన పిడుల్లో ఒకటి వంగిపోయింది. డ్రైవరు వైపుది బాగానే ఉందని, పారెయ్యడానికి మనసొప్పక, కోళ్ళ గూటి తలుపుకి బిగించింది.

మావయ్య అప్పటికే తడుముకుంటూ నడుస్తున్నాడు. అయినా రోజూ పొద్దున్నే కోళ్ళకి గింజలు వెయ్యడం మానలేదు. ఒకరోజు గూటి తలుపు పట్టుకుని నిలబడి అడిగాడు.

"ఏమే, కోళ్ళకి బండి కొనిచ్చావా? నా బండి పిడి ఇక్కడుందేంటి?"

పాతదిలే నాన్నా అంది వదిన, ఇసుక కాగితంతో రేకు గీకుతూ తల కూడా ఎత్తకుండా. మేమంతా నవ్వుకున్నాం.

చలికాలం పోయి గాలుల కాలం వచ్చింది. మా మార్చి గాలుల సంగతి మాకే తెలుసు, ఎడారంతా లేచి ఇంట్లోకి వస్తుంది. అలాంటి రోజుల్లో వదిన రంగు మొదలుపెట్టింది. బండి ఉంచిన పాక చుట్టూ ప్లాస్టిక్ కట్టింది, దుమ్ము లేవకుండా మట్టి నేల తడిపింది. అడుగున వెండి పూత, దాని మీద పాకంలా లోపలికి కనబడే ఎరుపు, పూత మీద పూత. ఎన్ని పూతలైతే అంత లోతు. కానీ ఈ రంగుతో పేచీ ఏమిటంటే, ఒక్కచోట చెడితే అక్కడ మాత్రం దిద్దడం కుదరదు. దిద్దినచోట నల్ల మచ్చ తేలుతుంది. ఆ పక్కంతా గీకేసి మొదటి నుంచీ రావాల్సిందే. ఒకసారి ప్లాస్టిక్ చిరిగి ఇసుక పడింది, గీకేసింది. ఇంకోసారి ఆరుతున్న రంగులో రెక్కల పురుగు పడి చచ్చింది, మళ్ళీ గీకేసింది. వేళ్ళ చివర్లు చిట్లి రక్తం వస్తుంటే బట్ట చుట్టుకుని గీకింది. నేను ఆపమన్నాను. ఆపితే మే నెల ఆగుతుందా అంది.

ఈ మధ్యలో మావయ్య ఎన్నోసార్లు పాక దగ్గరికి వచ్చాడు. ఒకసారి చూడనివ్వమని అడిగాడు. పూర్తయ్యాక చూద్దువుగాని అని ఆవిడ గుడ్డ కప్పేసేది. మా దగ్గర సగం పనిలో ఉన్న బండిని ఎవరికీ చూపించరు, సొంత తండ్రికైనా సరే. అదొక పట్టుదల. ఆ పట్టుదల ఆవిడ మొక్కునే మింగేసింది. ఈస్టర్ దాటేసరికి మావయ్య కంటికి వెలుతురు తప్ప ఇంకేమీ అందలేదు. ఒకరోజు పొద్దున లేచి, ఎదురుగా నిలబడ్డ కూతుర్ని ఎవరమ్మా అని అడిగాడు. ఆ రోజు వదిన పాకలోకి వెళ్ళి, గుడ్డ తీసి, ఆ ఎర్రటి బండి ముందు కూర్చుంది. నేను పక్కనే కూర్చున్నాను. కాసేపయ్యాక ఆవిడ లేచి ఇసుక కాగితం తీసుకుంది. ఆయన చూడకపోయినా స్వామి ఎక్కుతాడు, మొక్కు సగమైనా తీరాలి అంది.

పండగ ముందురోజు పొద్దున బండి బయటికి తీశారు. అబద్ధమెందుకు, నా జన్మలో అంత అందమైన బండి చూడలేదు. ఆప్రికాట్ ఆకులు దాని ఒంటి మీద అద్దంలోలా ఒక్కొక్కటీ కనబడుతున్నాయి. వదిన మావయ్య చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి డ్రైవరు తలుపు దగ్గర నిలబెట్టింది. ఆయన ఎప్పుడూ అటే ఎక్కేవాడు. ఇప్పుడు నడపకపోయినా అలవాటు అలవాటే.

మావయ్య చెయ్యి చాచాడు. ఆ చేతికి తెలుసు పిడి ఎంత ఎత్తులో ఉండాలో. అక్కడ ఏమీ లేదు. కొంచెం కిందికి జరిపాడు, బండి దిగింది కదా అనుకున్నాడేమో. అక్కడా లేదు. అరచేత్తో ఆ తలుపంతా ఇటు నుంచి అటు తడిమాడు. అంతా నునుపు. మా ఆయన పక్కన నిలబడి, ఆ నునుపుకి మెప్పు వస్తుందని ఎదురుచూస్తున్నాడు. వదిన కంగారుగా మీట నొక్కింది. తలుపు టక్కుమని దానంతటది తెరుచుకుంది. మావయ్య ఉలిక్కిపడి రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఎవరిదమ్మా ఈ బండి?" అన్నాడు.

నీదే నాన్నా అని వదిన ఎంత చెప్పినా ఆయన ఒప్పుకోలేదు. ఇంజను వేసి వినిపించింది. ఆ గొంతు వేరే, ఇంజను వేరే కదా. సీటు ముట్టించింది. అది నా కుట్టు, ఆయన గతుకులు కాదు. చూపున్నవాళ్ళ కోసమే చేసిన బండి అది. ముట్టుకుని చూసేవాడికి అందులో తనదంటూ ఏమీ మిగల్లేదు.

"తలుపు తనే తీసుకునే బండి నాది కాదులే. నా బండి తలుపు నేనే తీసుకునేవాణ్ణి. స్వామి ప్రొకోపియో బండిలోనే వెళ్తాడులే, బాధపడకు."

కోపంగా అనుంటే బాగుండేది. బుజ్జగిస్తున్నట్టు అన్నాడు. తడుముకుంటూ ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

వదిన స్క్రూడ్రైవరు తీసుకుని కోళ్ళ గూటి వైపు నడిచింది. ఏం చెయ్యబోతోందో మా ఆయనకి నాకన్నా ముందే అర్థమైంది. తలుపుకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"వద్దక్కా. ఆ రంగుని అతకలేం. ఒక్క కంత పెడితే పక్కంతా పోయినట్టే. మళ్ళీ వెయ్యాలంటే నెల పడుతుంది, పండగ రేపు."

"కొయ్యి," అంది వదిన.

"నా వల్ల కాదక్కా. నా చేత్తో పూడ్చింది."

"అయితే అవతలికి జరుగు."

ఆవిడే కోసింది. తలుపు మీద పట్టీ అంటించి, కొలిచి, కోత మిషను పెట్టి ఆ ఎర్రటి అద్దంలోకి దింపింది. నిప్పురవ్వలు పడినచోటల్లా రంగు పొంగి బుడగలొచ్చాయి. మా ఆయన మొదట మొహం తిప్పుకున్నాడు. చివరికి ఉండబట్టలేక మీట పీకేసి, లోపలి గొళ్ళెం మళ్ళీ పిడికి కలిపాడు. కాలినదంతా గీకాక పిడి చుట్టూ పళ్ళెమంత మేర బూడిద రంగు అస్తరు పూత మాత్రం మిగిలింది. మధ్యలో అరిగిపోయిన పాత పిడి, సందుల్లో ఇంకా కోడి ఈకల నూగు.

మర్నాడు గుడి ముందు ఊరంతా ఉంది. మా ఆయన తలుపు పనితనం చూద్దామని క్లబ్బు వాళ్ళు కూడా తళతళలాడే బళ్ళేసుకుని వచ్చారు. వదిన వచ్చి బండి ఆపింది. ఎర్రటి బండి మీద ఆ బూడిద మచ్చ చూసి ఒకడు ఫిలడెల్ఫియో పని మధ్యలో నిద్రపోయాడా అన్నాడు. మా ఆయన టోపీ కిందికి లాక్కున్నాడు. స్వామిని తెచ్చి వెనక నిలబెట్టి, ఎడ్లు కదలకుండా తాళ్ళు కట్టారు.

వదిన మావయ్యని తీసుకొచ్చింది. నిన్నటి బండే అని తెలిసి ఆయన రానన్నాడట. ఒక్కసారి చెయ్యి పెట్టు నాన్నా, తర్వాత నీ ఇష్టం అని తీసుకొచ్చింది. తలుపు ముందు నిలబెట్టి పక్కకి తప్పుకుంది. చెయ్యి పట్టుకోలేదు, ఏదెక్కడో చెప్పలేదు.

మావయ్య చెయ్యి చాచాడు. నున్నటి రంగు మీద వేళ్ళు జారాయి. జారుతూ జారుతూ ఆ గరుకు చోటికి వచ్చి ఆగాయి. ఆ గరుకులోనే పిడి ఉంది. దాన్ని పట్టుకున్నాడు గానీ నొక్కలేదు. బొటనవేలితో దాని వెనక అరిగిన గుంట వెతికాడు, అది ఆయన వేలు అరగదీసిందే. తర్వాత కిందికి నొక్కాడు. తలుపు కీచుమని ఆ పాత చప్పుడుతోనే తెరుచుకుంది.

మావయ్య మళ్ళీ పిడి చుట్టూ వేళ్ళతో రాశాడు.

"ఇక్కడ రంగు చాల్లేదా అమ్మా?"

"చాల్లేదు నాన్నా. పండగయ్యాక వేస్తాను."

"వెయ్యకు," అన్నాడు మావయ్య. "మిగతాదంతా మీరు చూసుకోండి. ఇక్కడ నాకు కనబడుతుంది."

ఆయన ఎక్కి, స్టీరింగు దాటి అవతలి పక్కకి జరిగి కూర్చున్నాడు, కూతురికి చోటిస్తూ. వదిన ఎక్కి తలుపు వేసుకుంది. స్వామి కదిలాడు. మేమంతా పాడుకుంటూ వెనక నడిచాం, బండి అంత నెమ్మదిగానే పోతుంది కాబట్టి ఎవరూ వెనకపడలేదు. మా ఆయన మాత్రం దారంతా ఆ మచ్చ పక్కనే నడిచాడు. వదిన ఆ చోట ఇప్పటికీ రంగు వెయ్యలేదు.