వంశపు దగ్గు

ఆ నగల పనివాడికి వీధిలో వాళ్ళు పెట్టిన పేరు గీటురాయి. బంగారం కన్నా మనుషుల మీదే ఆయన గీటు ఎక్కువ పడేది. వీధిలోకి ఎవరైనా కొత్తగా దిగితే చాలు, ఊదుగొట్టం పక్కన పెట్టి, కళ్ళజోడు ముక్కు కొసకి జార్చి, "కల్తీ సరుకు" అని తేల్చేసేవాడు. తన వంశం మాత్రం మేలిమి. దానికి పరీక్ష అక్కర్లేదు.

పని గదికి ఉన్నది ఒక్క కిటికీ. దానికీ మేకులు కొట్టించాడు. ఫ్యాను ఉంది గానీ తిరగదు. గాలి ఆడితే ఆకురాయి కింద రాలిన బంగారు రజను ఎగిరిపోతుందని ఆయన బెంగ. ఆ ఉక్కలో మూలన కుర్చీ వేసుకుని ఆయన అన్నయ్య పొద్దస్తమానం సలహాలిస్తూ, దగ్గుతూ ఉండేవాడు. మామూలు దగ్గు కాదు, గది దద్దరిల్లే దగ్గు.

"మా నాన్నదీ అచ్చం ఇదే దగ్గు. వంశంలో ఉంది," అని గీటురాయి మురిసిపోయేవాడు.

"ఆస్తులు రాలేదు గానీ అదొకటి వచ్చింది," అనేది భార్య.

అదే గదిలో రాళ్ళు పొదిగేవాడు ఒకడు పనిచేసేవాడు. పొరుగు ప్రాంతం మనిషి, చేతిలో మంచి పనితనం ఉంది. ఒకరోజు అతని అన్నం సంచిలోంచి మాత్రల అట్ట జారిపడింది. క్షయ మందులు. ఈ పనిలో చేరకముందే మొదలుపెట్టాననీ, తన వల్ల ఇక ఎవరికీ అంటదని ఆరోగ్య కేంద్రంలో చెప్పారనీ అన్నాడు. గీటురాయి అప్పటికి ఊరుకున్నాడు, పని అవసరం కాబట్టి. కొన్నాళ్ళకు తనకే జ్వరం తగులుకుని, ఒళ్ళు కరిగి, కఫంలో క్షయ అని తేలగానే ఇల్లెగిరిపోయేలా అరిచాడు.

"ఇంకెవడు? వాడే! ఎక్కడిదో రోగం మోసుకొచ్చి నా గదిలో దించాడు!"

అతన్ని పనిలోంచి తీసేశాడు. అక్కడితో ఆగలేదు. అతను అద్దెకున్న ఇంటి యజమాని దగ్గరికి వెళ్ళి నూరిపోశాడు. యజమాని అటూ ఇటూ ఊగి, రుజువైతే గది ఖాళీ చేయిస్తానన్నాడు. రాళ్ళ పనివాడి భార్య నిండు నెలల మనిషి. వేరే గది ఎవరిస్తారు, ఈ మాట చెవిన పడ్డాక?

ఆ రోజుల్లోనే ఆరోగ్య కేంద్రం వాళ్ళు చుట్టుపక్కల రోగుల క్రిములను ల్యాబుకు పంపి, ఏది ఏ రకమో ఆరా తీస్తున్నారు. గీటురాయి ఎగిరి గంతేశాడు. "నాదీ వాడిదీ పక్కపక్కన పెట్టి తేల్చండి!" అన్నాడు నర్సుతో. రాళ్ళ పనివాడు మందులు మొదలుపెట్టకముందు ఇచ్చిన కఫం ల్యాబులోనే ఉంది. గీటురాయి భార్య ఇదే సందని బావగారినీ బలవంతాన పరీక్షకు లాక్కొచ్చింది. ఆయనకూ క్షయే.

"చూశావా, మా అన్నయ్యకి కూడా అంటించాడు!" అన్నాడు గీటురాయి.

ఫలితాలు రావడానికి నెలలు పట్టింది. ఆ రోజు ఇంటి యజమానిని సాక్షిగా వెంటబెట్టుకుని మరీ ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాడు. భార్య, అన్నయ్య, రాళ్ళ పనివాడు అప్పటికే వరండాలో ఉన్నారు.

"ఒకరి సంగతి ఇంకొకరి ముందు చెప్పను," అంది నర్సు.

"నాది చెప్పెయ్యండి మేడం. వీధి వీధంతా చాటేశారు, ఇంకా దాచేదేముంది?" అన్నాడు రాళ్ళ పనివాడు.

"మావీ చెప్పమ్మా! మా ఇంట్లో దాపరికాల్లేవు," అన్నాడు అన్నయ్య ఛాతీ విరుచుకుని.

"క్రిములకీ వంశాలుంటాయి బాబాయ్ గారూ," అంది నర్సు గీటురాయితో. " ఒంట్లోంచి ఒంట్లోకి పోతూ అప్పుడప్పుడూ కొంచెం మారతాయి. రెండు క్రిములు బాగా కలిశాయంటే ఈమధ్యే పాకాయన్నమాట. ఇతనిదీ మీదీ ఎక్కడా కలవలేదు. వేరే వంశం."

"మరి నాదెక్కడిది?"

"మీదీ మీ అన్నయ్యగారిదీ అచ్చు గుద్దినట్టు ఒకటే. ఈ చుట్టుపక్కల ఎప్పటినుంచో పాతుకుపోయిన రకం. ఎవరు ఎవరికిచ్చారో క్రిమి చెప్పదు. ముందునుంచీ దగ్గుతున్నదెవరో మీకే తెలియాలి."

అందరూ అన్నయ్య వైపు తిరిగారు. ఆయన ఆపుకోవాలని చూశాడు. ఆగలేదు. మాస్కులోంచే వరండా దద్దరిల్లింది.

"అయితే వంశపు దగ్గే!" అంది భార్య. "ఇన్నాళ్ళూ నేనే నమ్మలేదు."

ఇంటి యజమాని గొంతు సవరించుకుని, "నువ్వుండవయ్యా, నీ గదికేం ఢోకా లేదు," అని రాళ్ళ పనివాడి భుజం తట్టి, మెల్లగా జారుకున్నాడు.

తర్వాత గీటురాయికి అసలు చిక్కు వచ్చింది. బల్ల మీద రాళ్ళ హారం సగంలో ఉంది. తనకేమో చూపు ఆనదు. సిగ్గు చంపుకుని రాళ్ళ పనివాడి గదికి వెళ్ళి, మళ్ళీ పనికి రమ్మన్నాడు. లోపల పసిబిడ్డ ఏడుస్తోంది.

"కిటికీ తీశాక కబురు పెట్టండి గురువుగారూ."

"రజను ఎగిరిపోతుందిరా!"

"ఎగరనివ్వండి. మీ ఒంట్లో కరిగిపోయినదానికన్నా ఎక్కువేం కాదు."

మేకులు పీకించాడు. కిటికీ రెండు వేళ్ళ మందం తెరిచి, దానికీ పల్చటి గుడ్డ కట్టాడు. రాళ్ళ పనివాడు పనిలోకి వచ్చాడు. గీటురాయి మందులు వేసుకుని ఒళ్ళు చేసుకున్నాడు. హారం కోసం వచ్చినావిడ జబ్బు సంగతి ఎత్తగానే, కళ్ళజోడు ముక్కు కొసకి జార్చాడు.

"పరీక్షలో తేలిందమ్మా. మాది బయటి సరుకు కాదు, పక్కా ఇక్కడిదే. పాత వంశం!"

రాళ్ళ పనివాడు పట్టకారు పక్కన పెట్టాడు. లేచి వెళ్ళి, గుడ్డ ఊడబెరికి, కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచాడు.