పెద్ద మాస్టారి కత్తెర

పొట్టి టైలరు అంత మంచివాడేం కాదు. ఆ మాట ముందే చెప్పేస్తే అతనికీ సుఖం, మనకీ సుఖం. అడిగితే అతనే ఒప్పుకుంటాడు. ఎదురు టైలరు కొట్టు పెద్ద మాస్టారికి జబ్బు ముదిరిందనీ, డాక్టర్లు పెదవి విరిచారనీ, ఆయన తన సామానంతా ఒక్కొక్కటే పంచిపెడుతున్నారనీ విన్నప్పుడు అతని మనసులో ముందుగా మెదిలింది మాస్టారు కాదు, మాస్టారి కత్తెర.

ఇద్దరి కొట్లూ ముప్పై ఏళ్లుగా ఎదురెదురు. స్నేహమనడానికి లేదు. దారం అయిపోతే అడగడం, కరెంటు పోతే ఇద్దరూ గుమ్మాల్లోకొచ్చి కరెంటువాళ్లని తిట్టడం, అంతే. కానీ అవతల ఆ పన్నెండంగుళాల నల్ల కత్తెర కోటుగుడ్డ మీద నడుస్తుంటే పొట్టి టైలరు చేతిలో పని ఆపి మరీ చూసేవాడు. నాలుగు మడతలున్నా ఒక్క మడతే అన్నట్టు సాగిపోయేది. తను కుట్టిన చొక్కాలకి చంక కింద ముడతలు పడేది తన కత్తెర వల్లేనని ఇన్నేళ్లూ భార్యకి చెబుతూ వచ్చాడు. ఆవిడ నమ్మలేదు. నిజానికి అతనూ నమ్మలేదు. ఏదో ఒకదాని మీదకి నెట్టకపోతే రోజు గడవదు కదా.

"పలకరించి వస్తా" అన్నాడు, ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటూ.

"ఎవర్ని? మాస్టారినా, కత్తెరనా?" అంది భార్య.

"మనిషి చావుబతుకుల్లో ఉంటే ఏం మాటలే అవి!" అని కసిరాడు. అసలు సంగతి ఆవిడ కనిపెట్టేసిందని లోపల ఉడుక్కున్నాడు.

మాస్టారు కిటికీ పక్క మంచం మీద దిండుకి ఆనుకుని ఉన్నారు. మనిషి సగమైపోయారు. కుట్టుమిషను కూతురికి ఇచ్చేశారు, బొత్తాల డబ్బా మనవరాలికి, ఇస్త్రీపెట్టె వీధి చివరి లాండ్రీ అతనికి. కత్తెర మాత్రం కిటికీ గూట్లోనే ఉంది. అది చూశాక పొట్టి టైలరుకి ఊపిరాడింది. అంతలో మాస్టారి భార్య వచ్చి మందుల పొట్లం కోయడానికి ఆ కత్తెరే అందుకుంది.

"వదినగారూ! కాగితమా! దాంతోనా!" అని కుర్చీలోంచి ఎగిరి దూకినంత పని చేశాడు.

కాగితం కోస్తే గుడ్డ కత్తెర పదును పోతుందని ప్రతి టైలరుకీ తెలుసు. కానీ రోగి మంచం పక్కన కూర్చుని, మందు సంగతి వదిలేసి పదును కోసం గావుకేక పెట్టేవాడు లోకంలో తనొక్కడే అయి ఉంటాడు. చెవులు వేడెక్కాయి. మాస్టారు మాత్రం నవ్వారు.

"పళ్లతో చింపవే" అన్నారు భార్యతో. "నాకంటే ముందు అతని ప్రాణం పోయేలా ఉంది."

గుట్టు రట్టయింది. ఇక ఇచ్చేస్తారనుకున్నాడు. ఇవ్వలేదు. మర్నాడు మళ్లీ వెళ్లాడు. రోజూ సాయంత్రం కొట్టు కట్టేసి నేరుగా అక్కడికే. మొదట్లో బత్తాయిలు పట్టుకెళ్లేవాడు, రోగి తినడం లేదని తెలిశాక ఆ మర్యాద కూడా మానేశాడు. ఊరికే కూర్చుంటే బాగుండదని పని కబుర్లు చెప్పేవాడు. ఒకరోజు నోరు జారి, ఎప్పుడో ఒక పెళ్లికొడుకు కోటుకి రెండు చేతులూ ఎడమవే కుట్టేసిన సంగతి బయటపెట్టాడు. కట్టుకున్న భార్యకి కూడా చెప్పని రహస్యం అది.

మాస్టారు నవ్వి, నవ్వి, దగ్గారు. "నాకు తెలీదనుకున్నావా? దాన్ని విప్పి కుట్టింది నేనే. పాపం, అతను ఏడుపుమొహంతో రోడ్డు దాటి నా దగ్గరికే వచ్చాడు."

"ఇన్నేళ్లూ ఒక్కమాట అనలేదే మాస్టారూ!"

"అంటే నువ్వు ఎడం చెయ్యి కుట్టడం కూడా మానేసేవాడివి."

ఆ రోజు కత్తెర వైపు చూడడమే మరిచిపోయి ఇంటికొచ్చాడు. వచ్చాక గుర్తొచ్చి తనని తనే తిట్టుకున్నాడు. ఈలోగా టేపూ, చెక్క స్కేలూ పాత శిష్యుడొకడు పట్టుకెళ్లాడు. కొట్లోని నిలువుటద్దం సెలూన్ అతనికి పోయింది. మూడువారాలు గడిచాయి. మాస్టారి గొంతు బాగా నీరసించింది. పొట్టి టైలరు ఇక ఉండబట్టలేకపోయాడు.

"అందరికీ అన్నీ ఇచ్చారు కదా మాస్టారూ, ఆ కత్తెర ఎవరికి అనుకుంటున్నారు?" అనేసి, నాలుక కరుచుకున్నాడు.

"నీకే. నువ్వు కేక పెట్టినరోజే అనుకున్నా."

"మరి?"

మాస్టారు కిటికీలోంచి వీధిలోకి చూశారు. "టేపు తీసుకున్నవాడు మళ్లీ రాలేదయ్యా. లాండ్రీ అతనూ రాలేదు. ఎవరి పనులు వాళ్లవి, తప్పుపట్టను. ఇది కూడా ఇచ్చేస్తే సాయంత్రం నాతో పని కబుర్లు చెప్పేదెవరు?"

పొట్టి టైలరుకి ఏడుపొచ్చింది. మాస్టారి మీద జాలితో అని చెప్పుకుంటే గొప్పగా ఉండేది కానీ, అందులో సగానికి పైగా సిగ్గే.

"ఊరికే ఆశపెట్టాను. తీసుకో ఇక" అంటూ మాస్టారు గూట్లోంచి కత్తెర తీసి అతని ఒళ్లో పెట్టారు.

వేళ్లు దూర్చి చూశాడు. ఒకసారి తెరిచి మూశాడు. అతను ముప్పై ఏళ్లు రోడ్డవతల నుంచి విన్న చప్పుడు అది. లేచి, దాన్ని తీసుకెళ్లి మళ్లీ గూట్లోనే పెట్టాడు.

"ఇవాళ వద్దులెండి. రేపు పట్టుకెళ్తా."

మాస్టారు అతని మొహంలోకి చూసి మెల్లగా నవ్వారు. "టైలరు రేపు అన్నాడంటే ఎప్పుడో నాకు తెలీదా?"

"తెలిస్తే మంచిదే" అంటూ పొట్టి టైలరు కుర్చీని మంచానికి ఇంకాస్త దగ్గరగా లాక్కున్నాడు.