ఐరాల కబడ్డీలో తూకాల లెక్క

నగరిలో ఆడపిల్లలకు కబడ్డీ నేర్పే మా చెల్లెలు భారతి శనివారం సాయంత్రం ఫోన్ చేసింది. "అక్కా, రేపు ఐరాలలో ఫైనల్ ఉండాది. ఆ ఊరి టీము సగటు తూకం మనకన్నా రెండు కిలోలు ఎక్కువని మైకులో సెప్పినారు. మా పిల్లోళ్లు బెదిరిపోయినారు. నువ్వొచ్చి ఒక మాట సెప్పు." కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పడం నా ఉద్యోగం. కబడ్డీ గురించి నాకేమీ తెలియదు. అయినా సరేనన్నాను.

తిరుపతిలో తెల్లవారుజామునే చిత్తూరు బస్సెక్కాను. టికెట్టు వంద దాటింది, ప్రయాణం రెండు గంటలలోపే. చిత్తూరు బస్టాండులో ఇడ్లీ తిని, ఇంకో బస్సులో కాణిపాకం చేరి, అక్కడ షేర్ ఆటో పట్టుకున్నాను. "కబడ్డీకా మేడమ్?" అన్నాడు డ్రైవరు. "సూడండి, మా ఊరి పిల్లోళ్లే గెలిచేది!" నేను నగరి తరఫున వస్తున్నానని చెప్పలేదు.

హైస్కూలు మైదానం పక్కన మా పిల్లలు ముడుచుకుని కూర్చున్నారు. భారతి రెండు జట్ల తూకాలూ చెప్పింది. మాది సగటున యాభై, వాళ్లది యాభై రెండు. నిజమే. అయితే వాళ్లలో లావణ్య అనే అమ్మాయి ఒక్కతే డెబ్బై అయిదు కిలోలు. మిగతావాళ్లలో ఎవరూ యాభై ఒకటి దాటలేదు. మా పిల్లల్ని తూకం వరుసలో నిలబెట్టాను. "నడిమధ్య ఉన్న అమ్మాయి ఎంత?" "యాభై." "వాళ్లు ఇట్లా నిలబడితే మధ్యలో ఉండే అమ్మాయి నలభై ఎనిమిదే. ఆ ఒక్కరే సగటును పైకి లాగారు."

కూతకు వెళ్లే కీర్తన ముఖం విచ్చుకుంది. "అయితే ఆ అక్కకు దొరక్కుంటే సాలు గదా!"

చాలలేదు. లావణ్యను తప్పించుకుని అవతలి మూలకు పోయిన ప్రతిసారీ, నలభై ఆరు కిలోల పిల్ల ఒకతె మడమ పట్టి కూల్చేసింది. విరామానికి మేం వెనకబడ్డాం. "తూకం సూడొద్దు, కాళ్లు సూడు," అంది భారతి. ఆ తర్వాత కీర్తన, లావణ్య కాళ్లు నిదానంగా కదలడం చూసి, నేరుగా ఆమె మీదికే వెళ్లి, తాకి, గీత దాటి వచ్చింది. చివరికి రెండు పాయింట్లతో గెలిచాం. భారతి నన్ను పట్టుకుని ఏడ్చేసింది.

మధ్యాహ్నం రెండు జట్లకూ కలిపే రాగిసంగటి, ఊరిబిండి పచ్చడి వడ్డించారు. లావణ్య వచ్చి నా పక్కన కూర్చుంది. "మేడమ్, నన్ను తీసేసి సూస్తే మా టీము తేలికని సెప్పినారంట?"

చేతిలోని ముద్ద ఆకులోనే పెట్టేశాను. "అవునమ్మా."

ఆమె నవ్వింది. "నన్ను తీసేస్తే మా టీమే లేదు మేడమ్. ఫైనల్ దాకా వచ్చిందే నా పట్టుతో." అంటూ నా ఆకులో ఇంకో ముద్ద వేయించింది.

తిరుగు బస్సులో ఆ మాటే తలుచుకుంటూ కూర్చున్నాను. నా లెక్క పిల్లల భయం పోగొట్టింది, అది చిన్న పనేం కాదు. కానీ మిగతా అంకెలకు దూరంగా నిలిచిన అంకె వెనక ఎవరున్నారో చూడమని ఇకపై క్లాసులో తప్పకుండా చెబుతాను. మీరు వెళ్లేట్టయితే ఒక్క మాట: సాయంత్రం ఐరాలలో చిత్తూరు బస్సు కోసం కాచుకోవద్దు. ఆటోలో కాణిపాకం వచ్చేస్తే బస్సులు వెంటవెంటనే దొరుకుతాయి.