పాల్మాకులలో పెరుగు ఊగని రోజు

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతి ఏదైనా ఉంటే అది భూమికి కూడా తెలిసి ఉండదని నా గట్టి నమ్మకం. భూభౌతిక శాస్త్రంలో పట్టా పుచ్చుకుని, మొదటి ఉద్యోగంలో చేరి, మెడలో గుర్తింపు కార్డు వేసుకుని తిరిగే పిల్లకి ఆమాత్రం ధీమా ఉండడంలో వింతేముంది? మా అమ్మకి మాత్రం ఆ ఉద్యోగం మింగుడు పడలేదు. భీమవరం నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడ్డ మా చుట్టాల పిల్లలంతా ఏసీ గదుల్లో కూర్చుని కంప్యూటర్లు నొక్కుతుంటే, తన కూతురు శంషాబాద్ ఎండలో సుత్తి పట్టుకుని నేలని బాదుతోందని చెప్పుకోలేక, "భూములకి సంబంధించిన పనండీ" అనేది. (దాంతో పెళ్ళిళ్ళలో సగంమంది నా దగ్గరికొచ్చి ప్లాట్ల ధరలు అడిగేవారు.)

నిజానికి ఆ పని చాలా గొప్పది. భూకంపం ఒక్కటే అయినా నేలంతా ఒకేలా ఊగదు. రాతి మీదున్న ఇల్లు కాస్త వణికి ఊరుకుంటే, మెత్తటి మట్టి మీదున్న ఇల్లు మరింత ఊగవచ్చు. ఎక్కడ నేల ఎలాంటిదో ముందే కొలిచి పటం గీస్తే, కట్టుకునేవాళ్ళు జాగ్రత్తపడతారు. అందుకని మేం నేలలో మేకుల్లాంటి పరికరాలు వరుసగా గుచ్చి, వాటిని తీగతో కలిపి, ఒక చివర ఇనుప పలక పెట్టి సుత్తితో కొట్టేవాళ్ళం. ఆ అదురు గట్టి నేలలో పరుగెత్తుతుంది, మెత్తటి నేలలో తీరిగ్గా నడుస్తుంది. చిక్కల్లా ఒకటే. విమానం దిగినా, లారీ పోయినా, పక్కన బర్రె అడుగు వేసినా ఆ మేకులకి తెలిసిపోతుంది. విమానాశ్రయం పక్కన కూర్చుని నిశ్శబ్దం కోసం ఎదురుచూడడమే మా కొలువు.

అలా ఒక ఉదయం శంషాబాద్ పక్కనున్న పాల్మాకుల అనే ఊళ్ళో తీగలు పరిచాం. మేమంటే నేనూ, మా సారూ. ఆయన ఎంత దుమ్ములోనైనా తెల్లచొక్కాతోనే వచ్చే సౌమ్యుడు. పక్క కొట్టంలో పాలు పితుకుతున్న ఒకావిడ లేచి వచ్చింది. ఊరంతా ఆవిణ్ణి బర్రెలక్క అనేవారు.

"ఏంది మేడం గిది? బోరుకు నీళ్ళు చూస్తున్నరా?"

"కాదక్కా, భూకంపం వస్తే ఈ నేల ఎంత ఊగుతుందో చూస్తున్నాం" అన్నాను, అంతకంటే తేలికైన మాట ఉండదన్న గర్వంతో.

మేం చాయ్ తాగి వచ్చేసరికి ఆ మాటలో "వస్తే" పోయింది, "వస్తది" మిగిలింది. ఊరి వాట్సాప్ గ్రూపులో ఎవరో "భూకంపం వస్తదంట" అని గొంతు రికార్డు చేసి పెట్టారు. ఇళ్ళల్లోంచి మంచాలు బయటికొచ్చాయి, వాటి వెనకే గ్యాస్ సిలిండర్లు, టీవీలు. ఒక తాత కుర్చీ వేపచెట్టు కింద వేయించుకుని, "ఇగ రానియ్, చూస్త" అని కూర్చున్నాడు. బర్రెలక్క మొగుడు మా తీగలన్నీ చుట్ట చుట్టి జీపు ముందు పడేశాడు. మర్నాడే వాళ్ళ కొత్తింటి పునాదికి ముగ్గు పోసే ముహూర్తం.

"మేస్త్రి రానంటుండు. మీరొచ్చి మా ఇంటిని ఆపిన్రు. జర మీ సామాన్లు తీస్కొని పోండ్రి."

"పద తల్లీ, రాజేంద్రనగర్‌లో చేసుకుందాం" అన్నారు సార్ మెల్లగా. నేను కదల్లేదు. నా పటంలో పాల్మాకుల దగ్గర చిల్లు పడితే నేనొప్పుకుంటానా? పైగా కొట్టం పక్కనే ఉన్న వాళ్ళ కొత్తింటి జాగాలో ఒక పక్క రాయి పైకి తేలి ఉంది, రెండో పక్క పాత గుంతని మట్టితో పూడ్చారు. వాళ్ళు సరిగ్గా ఆ పూడ్చిన వైపే కొలతలు వేసుకున్నారు. అది చూశాక ఎలా వెళ్ళను?

"అక్కా, ఒక పెద్ద పళ్ళెం, గిన్నెడు పెరుగు ఇవ్వండి. అందరికీ చూపిస్తాను."

జనం మూగారు. పళ్ళెంలో ఒక పక్క రాయి పెట్టాను, రెండో పక్క పెరుగు బోర్లించాను. "ఈ రాయి గట్టి నేల. ఈ పెరుగు పూడ్చిన మట్టి. ఇప్పుడు భూకంపం వచ్చిందనుకోండి" అని పళ్ళెం ఊపాను. రాయి కదల్లేదు. పెరుగు కూడా కదల్లేదు. మళ్ళీ ఊపాను. పెరుగు నా వంక చూస్తూ నిలబడింది. (మా ఇంట్లో పాకెట్ పాలతో తోడుపెట్టిన పెరుగైతే ఈ పాటికి నాట్యం చేసేది.)

"మా బర్రెల పెరుగు మేడం, కత్తితోని కొయ్యాలె" అంది అక్క. చప్పట్లు మోగాయి. "చూసిన్రా, ఊగలే! ఏం గాదు!" అన్నాడు తాత.

పౌరుషం పొడుచుకొచ్చి రెండు చేతులతో బలమంతా పెట్టి ఊపాను. అంతే, పెరుగు గడ్డ మొత్తం ఒక్కసారిగా లేచి, వెళ్ళి సార్ తెల్లచొక్కా మీద వాలింది. రాయి మాత్రం పళ్ళెంలోనే ఉంది.

సార్ చొక్కా వంక చూసుకుని, అక్కతో చాలా గంభీరంగా, "ఇదేనమ్మా ఆవిడ చెబుతున్నది" అన్నారు. ఊరు ఊరంతా విరగబడి నవ్వింది. ఆ నవ్వులోనే భయం పోయింది. భూకంపం ఎప్పుడొస్తుందో మాకే కాదు, ఎవరికీ తెలియదనీ, వస్తుందని మేం చెప్పడం లేదనీ అప్పుడు చెబితే విన్నారు. మంచాలు లోపలికి వెళ్ళాయి.

అక్క మొగుడే తీగలు విప్పాడు. "మొదలు మా జాగ చూడు మేడం." సుత్తి దెబ్బలు అనుమానాన్ని తేల్చేశాయి: ఒక పక్క రాయి చేతికందేంత లోతులోనే ఉంది, రెండో పక్క లోతుగా వదులు మట్టి. ఇల్లు రాతి వైపుకి జరపమన్నాను, అటు కూడా ఇంజినీరుకి చూపించే కట్టమన్నాను.

"మరి ఈ మెత్తటి దిక్కు?" అంది అక్క.

"రేకుల కొట్టం వేసుకోండి."

"అంటే భూకంపమొస్తే మేం ఊగొద్దు గానీ మా బర్రెలు ఊగొచ్చా?"

ఆవిడే నవ్వి, "పోనీ తియ్, రేకులు మీద పడ్డా బతుకుతయ్" అని నా చేతిలో మజ్జిగ గ్లాసు పెట్టింది. గృహప్రవేశానికి పిలిస్తే వెళ్ళాను. రాతి మీద ఇల్లు నిబ్బరంగా నిలబడి ఉంది.

ఇప్పుడు నేనే పటాలు గీసేవాళ్ళకి పెద్దదాన్ని. నా నివేదికల్లో ప్రతి వాక్యానికీ "బహుశా" అనీ, "మరింత పరిశీలన అవసరం" అనీ తోకలుంటాయి. ఉండాలి కూడా. అయినా ఒక్కోసారి ఆ తోకలు తగిలిస్తూ తగిలిస్తూ ఆగి, షర్టు మీద దుమ్ముతో, నడి ఎండలో, ఊరందరి ముందూ నిలబడి భూమి తరఫున మాట్లాడిన ఆ పిల్లని తలుచుకుంటాను. తను ఇప్పుడు నా గదిలోకి వస్తే నా నివేదిక చదివి, "ఇంతకీ ఇల్లు ఎటు కట్టమంటారు మేడం?" అని అడుగుతుంది. నవ్వొస్తుంది. కాస్త బెంగగా కూడా ఉంటుంది.